కారు తలుపులోని మంచినీళ్ళ సీసా

ఈ సంగతి కాగితం మీద ఉండాలి. మా పెద్దమ్మ కాచిన సారా తాగి మా పెద్దనాన్న చూపు పోయిందని చుట్టుపక్కల ఊళ్ళలోనూ, సంతల్లోనూ ఇప్పటికీ అంటున్నారు. అది అబద్ధం. ఆయన చూపు తీసింది కారు ముందద్దం కడిగే లిక్విడ్. దాన్ని మంచినీళ్ళ సీసాలో పోసి అమ్మినవాడు ఒకడు. కొని తెచ్చి కారు తలుపు అరలో పెట్టినవాణ్ణి నేను. నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పినా, సంత దాటేసరికి మాట మళ్ళీ సారా దగ్గరికే పోతోంది. కొండవాళ్ళు, ముసలాయన, సారా. ఈ మూడూ ఒకచోట వినబడితే చాలు, వినేవాడికి ఇంక అడగాల్సింది ఏమీ మిగలదు. నింద మాత్రం పెద్దమ్మ మోస్తోంది. అందుకే రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఏడాది ఆగాను. తగ్గలేదు.

నేను అరకులో టూరిస్టులకి కారు నడుపుతాను. పదో తరగతి తప్పాను. ఆ తరవాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. టూరిస్టుల్ని మ్యూజియం దగ్గర దింపితే గంటన్నర దాకా బయటికి రారు. మిగతా డ్రైవర్లు పేకాటకి కూర్చుంటే నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. మొదట పేపర్లు, తరవాత వారపత్రికలు, తరవాత అట్టలు ఊడిన సైన్సు పుస్తకాలు, ఇంటర్ రసాయన శాస్త్రం, మోటారు మెకానిజం. అర్థం కానిది నోటుపుస్తకంలో ఎక్కించుకుని మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. అలాంటి నోటుపుస్తకాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. గొప్పకే చెబుతున్నాను. మా ఇంట్లో నాకు ముందు పుస్తకం తెరిచినవాళ్ళు లేరు.

మా దారుల్లో ముందద్దం చిన్న సంగతి కాదు. వేసవిలో ఎర్రదుమ్ము. వానల్లో ముందు పోయే లారీ చిమ్మే బురద. పొద్దు వాలితే పురుగులు. ఘాట్‌లో మలుపు తిరగ్గానే ఎండ ఎదురు కొడుతుంది. అప్పుడు అద్దం మీద సన్నటి మసక పొర ఉన్నా చాలు, ఎదురొచ్చే బస్సు కనబడదు. మా స్టాండులో అందరిదీ ఒకటే పద్ధతి. బొర్రా వైపు పోయినప్పుడు ఊటనీళ్ళు పట్టుకోవడం, షాంపూ పాకెట్టు చింపి కలపడం, బానెట్ కింద వైపర్ ట్యాంకులో పోసెయ్యడం. నురగ బాగానే వచ్చేది. ఆరాక అద్దం మీద తెల్లటి చారలు మిగిలేవి. నీళ్ళు చిమ్మే కన్నాలు నెల తిరక్కుండా పూడుకుపోయేవి. సూది పెట్టి పొడుచుకునేవాళ్ళం. ఎందుకు పూడుతున్నాయని ఎవరూ అనుకోలేదు. సూది ఉంది కదా!

కారణం నేను పట్టుకున్నాను. బొర్రా గుహలది సున్నపురాయి. ఆ రాతిలోంచి దిగే నీళ్ళలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్ళు ఆరిపోతే సున్నం మిగులుతుంది. గుహలో పైనుంచి రాళ్ళు వేలాడేది ఎందుకో, మా కార్లలో కన్నాలు పూడేదీ అందుకే. అది చదివిన రోజు లైబ్రరీ నుంచి స్టాండుకి పరుగెత్తుకుంటూ వచ్చాను.

"ఏటి పంతులూ, ఇయ్యేల పుస్తకం ఏటి సెప్పింది?" అన్నాడు స్టాండులో అందరికంటే పాత డ్రైవరు. నాకు బావ వరస.

"బావా, మన ట్యాంకుల్లో బొర్రా గుహ పెరగతంది."

"అలగైతే టికెట్టెట్టెయ్యి. టూరిస్టులు ఈడికే ఒచ్చెత్తారు. మనకి డీజిలు మిగులుద్ది."

అందరూ నవ్వారు. కానీ ఆ వారంలో ముగ్గురు ఊటనీళ్ళు మానేసి వాననీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టారు. చారలు తగ్గాయి. నా మాటకి విలువ పెరిగింది. అక్కడే నాకు తలకెక్కింది.

చలికాలం తెల్లారగట్ల టూరిస్టుల్ని మేఘాలు చూపించడానికి కొండల మీదికి తీసుకెళ్తాం. అంత ఎత్తున ఒకటి రెండు రోజులు గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి, మీట నొక్కితే ఏమీ రాలేదు. దానికీ పుస్తకం చూశాను. స్పిరిట్ కలిసిన లిక్విడ్ అయితే గడ్డకట్టదు, పురుగుల జిడ్డునీ కరిగిస్తుంది అని ఉంది. స్టాండులో అందరికీ చెప్పాను. అందరికంటే ముందు నేనే కొన్నాను.

ఘాట్ దిగాక మైదానంలో ఒక స్పేర్ పార్టుల కొట్టు ఉంది. వెనక గదిలో పెద్ద డ్రమ్ము, దానికి కుళాయి. టూరిస్టులు తాగి పారేసిన నీళ్ళ సీసాలు ఒక మూటలో. ఏ సీసా చేతికొస్తే అందులో పట్టి ఇచ్చేవాడు. సీసాకున్న మంచినీళ్ళ కాగితం కూడా పీకేవాడు కాదు.

"ఇందల స్పిరిట్ ఉంటాదా?" అన్నాను.

"ఉంటాది. ఏ కొండెక్కినా గడ్డకట్టదు."

"కంపెనీ డబ్బాలది నీలంగా ఉంటాది కదా. ఇదేటి తెల్లగుంది?"

"రంగేత్తే అద్దం మీద మరకలు పడతాయి. మనది రంగు కలపని సరుకు. ప్యూరు. సదువుకున్నోడివి, నీకు నాను సెప్పాలేటి?"

చదువుకున్నోడివి అన్నాడు. అంతే, నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది: ఏ స్పిరిట్? నా మూడో నోటుపుస్తకంలో నా చేత్తోనే రాసుకున్నది ఉంది. ఇథైల్ ఒకటి, మిథైల్ ఒకటి; వాసన దగ్గర దగ్గరే; రెండోది విషం, కంటి నరాన్ని చంపుతుంది. కింద ఎర్రగీత కూడా గీసుకున్నాను. కొట్టు ముందు నిలబడ్డప్పుడు ఆ గీత గుర్తు రాలేదు. రంగు గురించి కూడా తరవాతే తెలిసింది. కంపెనీవాళ్ళు ఆ నీలం అందానికి కలపరు. ఇది నీళ్ళు కాదు, ముట్టొద్దు అని చెప్పడానికి కలుపుతారు. అక్షరం రానివాడు కూడా చదవగలిగిన లేబుల్ అది ఒక్కటే. దాన్ని కూడా పీకేసి, పీకేయడమే గొప్ప అని చెప్పి నాకు అమ్మాడు.

ట్యాంకులో పోయగా సీసాలో ముప్పాతిక మిగిలింది. మూత బిగించి డ్రైవరు తలుపు అరలో పెట్టాను.

నిరుడు చైత్రంలో, విత్తనాలకీ వేటకీ మేం చేసుకునే ఇటుకల పండుగకి కారు మా ఊరు తీసుకెళ్ళాను. పాతదే అయినా నా పేరు మీద కొన్న మొదటి కారు. మా ఊళ్ళో బండికి పూజ చేస్తే నాలుగు చక్రాల దగ్గరా భూమికి సారా పొయ్యాలి. పోసిన పెద్ద కూడా అదే సీసాలోంచి రెండు గుక్కలు తాగాలి. భూమికి ఇచ్చింది నాకూ పనికొచ్చేదే అని సాక్ష్యం అన్నమాట. ఇంకో నియమం, ఆ సారా బండిగలవాడి చేతి మీదుగా రావాలి. పొయ్యవలసిన పెద్ద మా పెద్దనాన్న. పెద్దమ్మ నా కోసం ఒక సీసా కాచి ఇంట్లో ఉంచింది. పూజకి ముందు నేను దాన్ని తీసుకుని పెద్దనాన్న చేతిలో పెట్టాలి.

కొబ్బరికాయ మరిచిపోయానని గుర్తొచ్చి రోడ్డు మీది కొట్టుకి నడిచాను. పండుగ రోజుల్లో మా ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయే వాళ్ళని ఆపి చందా అడుగుతారు. నన్నూ ఆపారు. అందరూ వదిన వరసే.

"కారున్నోడు నడిసొత్తన్నాడేటే? కారు అలిగిందేటి?"

"బేగి ఎల్లాలి వదినా. పూజ యేల అయిపోతంది."

"అయితే బేగి ఆడు. ఒక్క సుట్టు దింసా ఆడితే దుంగ తీత్తాం."

ఒక చుట్టు అన్నది నాలుగు చుట్లు అయింది. నవ్వుకుంటూ, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చేసరికి పూజ అయిపోయింది. నాలుగు చక్రాల దగ్గరా నేల తడిగా ఉంది.

"దిశారి సెప్పిన యేల దాటిపోతందని కానిచ్చేసినానురా గుంటడా. కాయ ఇప్పుడు కొట్టు" అన్నాడు పెద్దనాన్న. దిశారి అంటే మాకు మంచి వేళ చూసి చెప్పే మనిషి. పెద్దమ్మ దగ్గర ఉంచిన సీసానే తెచ్చి పోశారనుకున్నాను. కాయ కొట్టాను. ఆ రోజంతా విందు. అందరితోపాటు పెద్దనాన్న కూడా పెద్దమ్మ కాచిన సారా తాగాడు. పండుగకి తాగినంతే. రోజూ తాగే మనిషి కాడు.

మర్నాడు పొద్దున్న ఎండ ఫెళ్ళుమంటోంది. పెద్దనాన్న అరుగు మీద కూర్చుని కళ్ళు నులుముకుంటున్నాడు.

"ఏటర్రా, సైత్రంలో ఇంత మంచు దిగింది?"

కోడళ్ళు పకపకా నవ్వారు. "మావకి నిన్నటిది ఇంకా దిగనేదు!"

నేనూ నవ్వాను. తరవాత ఆయన వాంతి చేసుకున్నాడు. తల బద్దలవుతోందన్నాడు. పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు. ఎండలో కూర్చుని మళ్ళీ అదే మాట: "తెల్లగుంది. అంతా తెల్లగుంది." ఆ మాట ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తొచ్చి కారు దగ్గరికి పోయాను. తలుపు అరలో సీసా లేదు. వెనక చక్రం పక్కన పడి ఉంది. అడుగున కొంచెం మిగిలింది.

"పెద్దనాన్నా, నిన్న ఏ సీసా పోసినావు?"

"నువ్వు తెచ్చిందేరా. తలుపులోది. బండిగలోడి సేతిది కదా. వాసన సూసినాను, సారాయే. పట్నం సారా కాబోలు, పస నేదనుకున్నాను. రెండు గుక్కలు తాగి, నీ బండి సల్లగుండాలని ఇంకో గుక్క తాగినాను."

నా బండి చల్లగా ఉండాలని!

ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, సీసా ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తోలాను. అక్కడ చీటీ రాసే మనిషి తల ఎత్తకుండానే అన్నాడు: "పండుగ సారానా? రెండు బాటిళ్ళు సెలైన్ ఎక్కిస్తే సరిపోద్ది. మీవాళ్ళకి ఏటేటా మామూలే కదా."

"సారా కాదు సార్. మిథైల్ ఆల్కహాల్. కారు లిక్విడ్."

"నువ్వు డాక్టరువా?"

"డ్రైవర్ని. పుస్తకంలో చదివాను."

"పుస్తకంలో!" అని పక్కవాణ్ణి చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నేను చేసిన పని మంచిది కాదు, కానీ రాస్తాను. బల్ల మీద సీసా ఠంగున పెట్టి, లోపలున్నవాళ్ళందరికీ వినబడేలా అరిచాను. గదిలోంచి డ్యూటీ డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు. సీసా వాసన చూసింది, పెద్దనాన్న కళ్ళలో లైటు వేసింది, మూడు ప్రశ్నలు అడిగింది: ఎంత తాగాడు, ఎప్పుడు తాగాడు, తరవాత ఇంకేం తాగాడు. వెంటనే ఫోను అందుకుంది. అరగంటలో అంబులెన్సు విశాఖకి బయలుదేరింది.

నేను అంబులెన్సు ఎక్కే ముందు డాక్టరమ్మ నాకు ఒక సంగతి చెప్పింది. ఈ విషం ఒంట్లోకి పోగానే చెరపదట. ఒళ్ళు దాన్ని విరగగొట్టినప్పుడు పుట్టేదే అసలు విషం. మామూలు సారా కూడా ఉంటే ఒళ్ళు ముందు దాని పని చూస్తుంది. ఆ రోజంతా ఆయన తాగిన ఇంటి సారా వల్ల విషం పని మొదలవడం ఆలస్యమైంది. "మనకి టైము దొరికింది అందుకే. అలాగని సారా పోసి ఇంట్లో వైద్యం చేస్తామని ఎవరైనా అంటే చెప్పుచ్చుకు కొట్టండి" అంది. అంటే పెద్దమ్మ సారా ఆయన కళ్ళు తీయలేదు. ఆయన ప్రాణానికి కొన్ని గంటలు అడ్డం నిలబడింది.

విశాఖలో రక్తం శుభ్రం చేసే మిషను పెట్టారు. తొమ్మిది రోజులు ఉన్నాం. ప్రాణం నిలబడింది. చూపు నడిమి భాగం పోయింది, అంచులు మిగిలాయి. "నీ సెవులు అగపడతన్నాయిరా. మొగం అగపడదు" అన్నాడు.

రెండో రోజు ఊరి నుంచి మా చిన్నాన్న ఫోను చేశాడు. "వదిన కుండలన్నీ పగలగొట్టేసినాం. ఇంక ఈ ఊళ్ళో సారా కాయనివ్వం. అన్న కళ్ళు తీసేసింది కదా, ముండ" అన్నాడు.

ఆ క్షణంలో నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. ఆ సీసా నాది. నేను "సరే చిన్నాన్నా" అన్నాను. ఫోను పెట్టేశాను.

కొట్టువాడి మీద నాకున్న కోపం చిన్నది కాదు. చీటీ రాసినవాడి మీద ఉన్నదీ చిన్నది కాదు. ఆ "సరే" మీద ఉన్నంత కోపం మాత్రం దేని మీదా లేదు.

పదో రోజు పెద్దనాన్నని తీసుకుని ఊరొచ్చాం. పెద్దమ్మ ఇంటి వెనక కుండ పెంకులు అలాగే ఉన్నాయి. వారం నుంచి ఎవరూ ఆమె చేతి నీళ్ళు తాగలేదట. ఊరందరినీ పిలిచి, సీసా నాది, లిక్విడ్ నాది అని చెప్పాను. నన్నూ, ఆ సీసాలోదే తాగానన్న పెద్దనాన్ననీ ఎవరూ నమ్మలేదు.

"పెద్దమ్మని కాపాడ్డానికి సెప్తన్నాడు" అన్నాడు చిన్నాన్న. "అద్దం కడిగే నీల్లకి కల్లు పోతాయేటి? కల్లు పోతే ముందు అద్దం పోవాల!"

జనం నవ్వారు. నేను ఆసుపత్రి కాగితం తీసి చదివాను. "నీకు పుస్తకాల పిచ్చి. కాగితంలో లేనిదీ సదివెత్తావు" అన్నారు. ఇన్నేళ్ళ నా చదువు మా ఊళ్ళో ఒక కాగితానికి సాక్ష్యంగా పనికిరాలేదు. అప్పుడు పక్క కొండ మీది క్రైస్తవ మిషనరీ బడి టీచరమ్మకి కబురు పెట్టాను. ఆమె మా ఊరి పిల్లల్ని రెండు తరాలుగా చదివించింది. ఎండలో నడిచి వచ్చింది, కాగితం తీసుకుంది, అందులో మిథనాల్ (మిథైల్ స్పిరిట్‌కి ఇంకో పేరు) అన్న చోట వేలు పెట్టి, ఆ మాటకి అర్థం చెప్పి, "సారా అని ఇందులో ఎక్కడా లేదు. ఈ బాబు చెప్పింది నిజం" అంది. చిన్నాన్న తల దించుకున్నాడు. నవ్విన వాళ్ళు ఒక్కొక్కరే లేచి పోయారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

అందరూ పోయాక పెద్దమ్మ నన్ను అడిగింది: "నీ సీసా అని నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దున్నే."

"మరి కబురెట్టనేదేటి?"

"సిగ్నల్ లేదు పెద్దమ్మా."

"మీ సిన్నాన్న ఫోను సేత్తే ఎత్తినావు కదా."

ఆమె లోపలికి పోయింది.

కొట్టువాడి దగ్గరికి బావా నేనూ కలిసి వెళ్ళాం. "తాగమని నాను సెప్పినానేటి? అద్దానికని అమ్మినాను. మీవోల్లు ఏది దొరికితే అది తాగెత్తారు, దానికి నేనేటి సేత్తాను?" అన్నాడు. డ్రమ్ము అక్కడే ఉంది. పక్కన మంచినీళ్ళ సీసాల మూట కూడా ఉంది. కొత్త మూట. ఫిర్యాదు రాసి ఇచ్చాం. డ్రమ్ము వెనక గది నుంచి ఇంకా వెనక గదికి మారిందని విన్నాను. అంతే జరిగింది.

మా స్టాండులో మాత్రం మారింది. ఇప్పుడు మేం కొనేది సీలు ఉన్న కంపెనీ డబ్బా. మిథనాల్ లేదని దాని మీద రాసి ఉండాలి, రంగు ఉండాలి, పిల్లలు తిప్పలేని మూత ఉండాలి. ఏమేం కలిసిందో రాయని డబ్బా ముట్టుకోం. ఏడాదిలో ఎక్కువ రోజులు మా కొండలకి గడ్డకట్టని సరుకు అవసరమే లేదు. సున్నం లేని నీళ్ళలో ఆ లిక్విడ్ డబ్బా మీద చెప్పినంత కలిపితే దుమ్ముకీ పురుగులకీ చాలు. షాంపూ వద్దు, ఎదురెండలో నురగ కళ్ళు కప్పేస్తుంది. మిగిలింది ఆ డబ్బాలోనే డిక్కీలో ఉండాలి. ఏ లిక్విడ్‌నైనా నీళ్ళ సీసాలోకి మార్చినవాణ్ణి స్టాండులో నిలబడనివ్వం. ఈ నియమం పెట్టింది బావ. నేను పెట్టలేదు, పెట్టే మొహం నాకు లేదు.

ఇలాంటివి రాసినప్పుడు సాయం చేసినవాళ్ళని పేరు పేరునా తలుచుకోవడం మర్యాద. పేర్లు రాస్తే ఊరు తెలుస్తుంది, పెద్దమ్మ మీదికి మళ్ళీ నలుగురు వస్తారు. అందుకని పేర్లు లేకుండానే దండం పెడుతున్నాను. సీసా వాసన చూసిన డాక్టరమ్మకి. విశాఖ వార్డులో పెద్దనాన్నకి తొమ్మిది రోజులూ అన్నం కలిపి పెట్టిన నర్సు అక్కకి. ఆయాసపడుతూ కొండ దిగి వచ్చిన టీచరమ్మకి. నాతో కొట్టు దాకా వచ్చి, నేను చెయ్యెత్తబోతే పట్టుకుని ఆపిన బావకి. మూడో నోటుపుస్తకంలో నేను ఎక్కించుకున్న ఆ రసాయన శాస్త్రాన్ని ఇంటికి తీసుకుపోనిచ్చిన లైబ్రరీ అటెండరుకి. నా మొహం కనబడకపోయినా గొంతు వినగానే "ఒచ్చినావేటిరా గుంటడా" అనే పెద్దనాన్నకి.

పెద్దమ్మకి కూడా దండం పెట్టబోయాను. "నీ దండాలు నాకెందుకు? కుండలు తెచ్చియ్యి" అంది. సంతలో ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూసి, ఎంచి తెచ్చాను. ఆమె వాటిని మళ్ళీ కొట్టి చూసింది. ఒకటి బాగా లేదని తిప్పి పంపింది.